అచ్చులు ఆగిన వీధి

"అచ్చు మీద చెయ్యేశావంటే ఊరుకోను షోయబ్!"

"వెయ్యకపోతే గుడ్డ పాడైపోద్ది నాన్నా. అప్పుడెవర్ని ఊరుకోమంటావు?"

ముందుగదిలో తండ్రీ కొడుకులు ఒకరి మీద ఒకరు గొంతు లేపుతున్నారు. వంటింట్లోంచి సలీమా పరుగున వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"మెల్లగా! లోపల పిల్ల చదువుకుంటోంది."

నూరుల్లా గొంతు దించాడు. షోయబ్ దించలేదు. నిశ్శబ్దం కోసం ఇంతగా అరుచుకునే ఇల్లు పెడన మొత్తం మీద ఇదొక్కటే అయి ఉంటుంది.

లోపల పిల్ల చదువుకోవడం లేదు. కెమిస్ట్రీ పుస్తకం షిరీన్ ఒళ్ళో ఉంది, చెవులు ముందుగదిలో ఉన్నాయి. తెల్లారితే డిగ్రీ ఆఖరి సెమిస్టర్ పరీక్ష. ఈ సెమిస్టర్‌లో ఆమె బందరు కాలేజీ గేటు దాటి లోపలికి వెళ్ళిన రోజులు చాలా తక్కువ. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. రోజూ పొద్దున బస్సెక్కేది, రోజూ సాయంత్రం దిగేది. మధ్యలో ఏం చేశావని ఎవరూ అడగలేదు. నమ్మిన పిల్లని ఎవరడుగుతారు?

"వారం నుంచి బల్ల ఖాళీగా ఉంది," అంటున్నాడు షోయబ్. "కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ ఎన్నాళ్ళని ఉంచుతాం? వాసనేస్తోంది. మబ్బు పట్టిందంటే మచ్చలొస్తాయి. మళ్ళీ ఉతకాలి, మళ్ళీ పట్టించాలి. అంతా నా వీపు మీదే కదా!"

"నీ చెల్లెలి చదువు కంటే నీ వీపు ఎక్కువైందా?"

"నా వీపు గురించి ఈ ఇంట్లో ఎవరికి పట్టింది గనక!"

సలీమా కొడుకు నోరు చేత్తో మూసింది. ఆమె ఆ రోజు ఉపవాసం, రోజా ఉంది. రంజాన్ నెల కాదు. కూతురి పరీక్షలు అయ్యేదాకా రోజాలుంటానని మొక్కుకుంది. పొద్దుట్నుంచీ గుక్కెడు నీళ్ళైనా ముట్టని ఆ ముఖం చూసి షోయబ్ తగ్గాడు.

ఆ వీధిలో ఇంటింటికీ కలంకారీ బల్ల ఉంది. చెక్క అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో దాని వీపున ఒక్క దెబ్బ. తెల్లారింది మొదలు పొద్దుగూకే దాకా వీధంతా అదే దబదబ. అది ఆగేది రెండే రెండు సందర్భాల్లో. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆగుతుంది. ఎవరి పిల్లలైనా పెద్ద పరీక్ష రాస్తుంటే ఆగుతుంది. చావుకైతే ఒక్క పూటే. పరీక్షకైతే వారం ముందు నుంచి అయ్యేదాకా. ఎవరు పెట్టారో తెలియదు గానీ ఆ కట్టుబాటు ఎవరూ తప్పలేదు.

ఇప్పుడు ఆగింది షిరీన్ కోసం. పక్కింటి యలమంద తన బల్లని ఎడ్లబండి మీద కాలవ గట్టు షెడ్డుకి తోలించుకున్నాడు. ఎదురింటి వాళ్ళు టీవీ కూడా గొంతు నొక్కి చూస్తున్నారు. నూరుల్లాకి షెడ్డు లేదు. కాబట్టి మొత్తానికే మానేశాడు.

పుస్తకంలో ఒక్క పేజీ కూడా తలకెక్కని షిరీన్‌కి ఆ నిశ్శబ్దం మాత్రం ఎక్కడికెళ్ళినా వినిపిస్తూనే ఉంది. తిట్టినా బాగుండు అనిపించేది. కొట్టినా బాగుండు. ఇంత మంది ఇంత ప్రేమగా నోరు మూసుకుంటే ఎట్లా తట్టుకోవడం?

బయట కారు ఆగిన చప్పుడైంది.

"నూరుల్లా గారూ, ఉన్నారా అండీ?"

గుడివాడలో చీరల షాపున్న దుర్గాశ్రీనివాస్. కొత్త షాపు తెరుస్తున్నాడు. గోడకి తగిలించే గుడ్డల దగ్గర్నుంచి చున్నీల దాకా అన్నీ నూరుల్లా చేతి పనే కావాలని పట్టుబట్టిన మనిషి. లోపలికొచ్చి ఖాళీ బల్ల చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇదేంటండీ, ఇంకా మొదలెట్టలేదా? ముహూర్తం దగ్గర పడిపోయింది కదండీ!"

"మా అమ్మాయికి రేపట్నుంచి పరీక్షలు శ్రీనివాస్ గారూ. అవ్వగానే మొదలెడతాను."

"అవ్వగానే అంటే నా షాపు తెరిచేసి కూడా అయిపోద్దండీ."

"తెలుసండీ."

"మరి పక్క వీధిలో వాళ్ళకి ఇచ్చేసుకోమంటారా?"

షోయబ్ తండ్రి ముఖంలోకి చూశాడు. సలీమా నేల చూపులు చూస్తోంది. ఆ పని గనక పూర్తి చేసిస్తే గుడివాడ షాపుతో ఏడాది పొడుగునా చేతినిండా పనేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"ఇచ్చుకోండి," అన్నాడు నూరుల్లా. "మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది అదొక్కత్తేనండీ. ఈ నాలుగు రోజులు నేను చెయ్యి కట్టుకుని కూర్చుంటే నాకేం తరుగుద్ది?"

షిరీన్ ఇక కూర్చోలేకపోయింది. తలుపు తీసుకుని బయటికొచ్చింది. చెప్పేయాలనే వచ్చింది. గొంతు దాకా వచ్చింది కూడా. తీరా తండ్రి తన వైపు తిరిగి నవ్వేసరికి, నోట్లోంచి వేరే మాట ఊడిపడింది.

"నాన్నా, అచ్చు వెయ్యండి. నాకేం అడ్డం కాదు. నిజంగా. నా కోసం ఆపొద్దు."

నూరుల్లా కళ్ళు మెరిశాయి.

"చూశారా అండీ! నాకు నష్టమొస్తుందని దాని బాధ. పరీక్ష పెట్టుకుని కూడా తండ్రి గురించే ఆలోచిస్తోంది."

"అది కాదు నాన్నా..."

"నువ్వు లోపలికెళ్ళమ్మా. ఇవన్నీ నీకెందుకు?"

దుర్గాశ్రీనివాస్ మెత్తబడిపోయాడు. "అదృష్టవంతులండీ మీరు. మావాడున్నాడు ధీరజ్ అని. పరీక్ష రేపంటే ఇవాళ క్రికెట్‌కి పోతాడు. బాగా రాయమ్మా. ఈసారికి కాకపోయినా మళ్ళీ ఎప్పుడైనా మీ నాన్న దగ్గరికే వస్తాను."

దీవించి మరీ వెళ్ళిపోయాడు. కారు వీధి మలుపు తిరిగే దాకా షోయబ్ గుమ్మంలోనే నిలబడ్డాడు. తిరిగి లోపలికొచ్చి నేరుగా పెరట్లోకి నడిచాడు.

షిరీన్ వెనకే వెళ్ళింది.

దండెం మీద ఆరిన గుడ్డల్ని షోయబ్ లాగి లాగి తీస్తున్నాడు. పసుపు తిరిగిన ఆ గుడ్డల్లోంచి కరక్కాయ వాసన, పులిసిన పాల వాసన కలిసి వస్తున్నాయి.

"పో, చదువుకో. ఇక్కడేం పని?" అన్నాడు చెల్లెలి వైపు చూడకుండా. "ఫస్ట్ క్లాస్ తక్కువైతే మాత్రం నిన్ను కాలవలో ముంచుతా."

"పాస్ కూడా అవను అన్నయ్యా."

"అందరూ అట్టాగే అంటారు, మార్కులు మాత్రం తెచ్చుకుంటారు."

"నేను కాలేజీకి వెళ్ళట్లేదు అన్నయ్యా. ఈ సెమిస్టర్ అంతా."

షోయబ్ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"మరి రోజూ ఎక్కడికెళ్తున్నావ్?"

"బందర్లో దిగి... లిఖిత హాస్టల్ రూముకి. తను క్లాసుకి వెళ్ళేది. నేను అక్కడే పడుకునేదాన్ని. ఫోన్ చూసుకునేదాన్ని."

"ఎవడు వాడు?"

"ఎవరూ లేరు."

"నిజం చెప్పు షిరీన్."

"అమ్మ మీద ఒట్టు. ఎవరూ లేరు. ఒకరోజు సెమినార్ చెప్పమన్నారు. బోర్డు దగ్గర నిలబడితే ఒక్క ముక్క రాలేదు. అందరూ నవ్వారు. మర్నాడు వెళ్ళబుద్ధి కాలేదు. ఆ మర్నాడు, నిన్న ఎందుకు రాలేదని అడుగుతారని భయమేసింది. అట్టా అట్టా..."

"అంతేనా?"

"అంతే."

షోయబ్ గుడ్డని బండ మీదకి విసిరికొట్టాడు.

"ఎవడో ఒకడుంటే బాగుండేదే. వెళ్ళి ఎముకలిరగ్గొట్టి వచ్చేవాణ్ణి. ఇప్పుడెవర్ని కొట్టను? నవ్వినోళ్ళనా?"

తనకి ఒక మంచి కారణం ఉంటే ఎంత బాగుండేదని షిరీన్ కూడా ఎన్నోసార్లు అనుకుంది. రోగమో, కష్టమో, చివరికి ప్రేమో. ఏమీ లేదు. బద్ధకానికి సిగ్గు తోడైంది, సిగ్గుకి భయం తోడైంది. ఆ మూడూ కలిసి ఒక సెమిస్టర్‌ని మింగేశాయి. కుడితిలో పడ్డ ఎలుకలా ఎటు కదిలినా మునగడమే తప్ప పైకి రావడం తెలియలేదు.

"ఇందాక ఆయన ముందు చెప్పలేకపోయావా?" షోయబ్ ఆమె వైపు తిరిగాడు. "ఆర్డరైనా మిగిలేది కదే!"

"చెప్దామనే వచ్చాను."

"వచ్చి బంగారు తల్లి అనిపించుకుని లోపలికి పోయావు."

ఆ మాటకి షిరీన్ ఏడ్చేసింది. షోయబ్ ఓదార్చలేదు. ఇంటర్ తర్వాత తను చదువు మానేసి బల్ల దగ్గర నిలబడిన రోజు ఈ వీధిలో ఒక్క అచ్చు కూడా ఆగలేదు. ఆ మాట నోటి దాకా వచ్చింది గానీ దిగమింగాడు.

"అమ్మ ఇఫ్తారు అయ్యాక నువ్వే చెప్పాలి. లేదంటే నేను చెప్తా," అని గుడ్డలన్నీ చంకన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

పొద్దుగూకింది, మగ్రిబ్ అజాన్ వినిపించింది. సలీమా ఖర్జూరం నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని దువా చేసింది. ఏమని అడుగుతోందో షిరీన్‌కి తెలుసు. పెదాల కదలికలో తన పేరు కనిపించింది.

తల్లి రెండు గుక్కల నీళ్ళు తాగేదాకా ఆగింది. నమాజు ముగించి తండ్రి చాప మీద కూర్చునేదాకా ఆగింది. ఇంకా ఆగేదే గానీ, గోడకి ఆనుకుని నిలబడ్డ షోయబ్ చూపు ఆమెని వదల్లేదు.

"నాన్నా, నాకు రేపటి పరీక్షలో ఏమీ రాదు. నేను కాలేజీకి వెళ్ళలేదు."

అన్నకి చెప్పినదంతా మళ్ళీ చెప్పింది. ఈసారి ఏడవకుండా చెప్పింది. నూరుల్లా మధ్యలో అడ్డు రాలేదు. సలీమా మాత్రం ఒక్కసారి "యా అల్లా" అంది.

చెప్పడం అయిపోయింది. పక్కింట్లో యలమంద భార్య గిన్నెలు కూడా చప్పుడు కాకుండా కడుగుతోంది.

"ఇంతమంది పని మానుకుని కూర్చున్నాం," అంది సలీమా చివరికి. "నేను కడుపు మాడ్చుకున్నాను. నువ్వు రోజూ నా చేతి క్యారేజీ పట్టుకెళ్ళి ఆ హాస్టల్లో తిని పడుకున్నావా? తినబుద్ధి ఎట్టా అయింది నీకు?"

"తినలేదమ్మా చాలాసార్లు."

"తిన్నా బాగుండేది. ఆకలికైనా పనికొచ్చేది."

నూరుల్లా చెయ్యెత్తి భార్యని ఆపాడు. కూతుర్ని ఒక్క ప్రశ్నే అడిగాడు.

"హాజరు లేకపోతే పరీక్షకి రానివ్వరంటారు కదా. నిన్నెట్టా రానిస్తున్నారు?"

అన్నకి చెప్పనిదీ, ఇప్పుడు కూడా చెప్పకుండా దాటేసిందీ అదొక్కటే.

"సుభాషిణి మేడమ్‌ని బతిమాలుకున్నాను నాన్నా. ఆవిడే ప్రిన్సిపాల్ గారితో మాట్లాడారు."

అందులో అబద్ధం లేదు. బతిమాలుకుంది నిజమే. ఏమని బతిమాలుకుందో మాత్రం చెప్పలేదు. మా నాన్నకి పక్షవాతం వచ్చింది మేడమ్, కుడిచెయ్యి పడిపోయింది, అచ్చు పట్టుకోలేకపోతున్నాడు, నేనే చూసుకుంటున్నాను అని స్టాఫ్ రూములో నిలబడి ఏడ్చింది. ఆ ఏడుపు నిజం ఏడుపే కావడం వల్ల మేడమ్ నమ్మింది. ఈ ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతున్న చెయ్యి అది. ఆ చెయ్యి పడిపోయిందని కన్నకూతురు తన నోటితో అంది. ఈ ముక్క చెప్తే తండ్రి బతికుండగానే చచ్చిపోతాడని ఆమె భయం. ఒక్కదాన్ని దాచుకుంటే ఏం పోతుందిలే అని నచ్చజెప్పుకుంది.

నూరుల్లా చాలాసేపు చాప అంచు పీకుతూ కూర్చున్నాడు.

"మహాతల్లి," అన్నాడు. "కన్నవాళ్ళం మేం కనిపెట్టలేకపోయాం. ఆవిడెవరో నీ కోసం అడ్డం నిలబడింది. రేపు నేనూ వస్తాను బందరు. ఆవిడకి ఒక నమస్కారం పెట్టుకుని వస్తాను."

"వద్దు నాన్నా!"

"ఎందుకొద్దు?"

"ఎండ... ఎండగా ఉంటుంది."

"ఎండ నాకు కొత్తా?"

అప్పుడే గుమ్మం బయట దగ్గు వినిపించింది. యలమంద. లోపలికి రాకుండా అరుగు దగ్గరే నిలబడ్డాడు.

"బావా, పిల్ల చదువెట్టా సాగుతోంది? ఇందాక ఏడుస్తున్నట్టు వినపడితే భయమేసి వచ్చా. మా షెడ్డు చప్పుడేమైనా ఇక్కడిదాకా వస్తోందా?"

షిరీన్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తండ్రి చెప్పేస్తాడనుకుంది. చెప్పేస్తే బాగుండనుకుంది.

"ఏం రావట్లేదు బావా," అన్నాడు నూరుల్లా. "పరీక్ష భయం. అంతే."

యలమంద వెళ్ళాక కూతురి వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, అందుకే అది ఎక్కువ తగిలింది.

"వీధి ఆగింది పరీక్ష కోసం. పరీక్ష రేపుంది కదా? వెళ్ళి చదువు. ఎంతొస్తే అంత. వచ్చినా రాకపోయినా మూడు గంటలూ ఆ కుర్చీలో కూర్చోవాలి నువ్వు. మధ్యలో లేచి వచ్చేశావంటే మాత్రం నా ముఖం చూడొద్దు."

పొద్దున బస్సులో నూరుల్లా ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం ఉంది.

"అదేంటి నాన్నా?"

"మేడమ్‌కి. పోయినేడు కొట్టిన చున్నీ. నెమలి అచ్చుది. ఎవరెంత అడిగినా ఇవ్వలేదు. నా చేత్తో అంత బాగా మళ్ళీ పడలేదు."

షిరీన్ కిటికీ వైపు తిరిగిపోయింది. చెప్పు, ఇప్పుడే చెప్పు అని లోపల ఎవరో పోరుతూనే ఉన్నారు. ఊరు దాటాక చెప్దామనుకుంది. పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. బందర్లో దిగాక చెప్దామనుకుంది. దిగగానే తండ్రి ఆమె బ్యాగు కూడా భుజాన వేసుకుని గబగబా ముందు నడిచాడు. మేడమ్ ఇవాళ రాకపోతే బాగుండు, వేరే చోట డ్యూటీ పడి ఉంటే బాగుండు అనుకుంటూ వెనకాల నడిచింది. దొంగకి కూడా ఒక దేవుడుంటాడని నమ్మకం.

సుభాషిణి మేడమ్ వరండాలోనే ఎదురైంది.

"షిరీన్! వచ్చావా, ఎక్కడ రాకుండా పోతావో అని చూస్తున్నా." ఆమె చూపు పక్కకి తిరిగింది. "నాన్నగారా? అయ్యో, మీరెందుకండీ ఇంత ఎండలో? కూర్చోండి ముందు. చెయ్యి కదులుతోందా అండీ ఇప్పుడు?"

నమస్కారం కోసం పైకి లేవబోయిన నూరుల్లా చెయ్యి మధ్యలో ఆగింది.

"ఏ చెయ్యండీ?"

"కుడిచెయ్యి పడిపోయిందని షిరీన్ చెప్పింది కదండీ. మీ దగ్గర ఉండి చూసుకోవడంతోనే క్లాసులన్నీ పోయాయని ఎంత ఏడ్చిందో. నేనే ప్రిన్సిపాల్ గారికి హామీ ఇచ్చాను. ఇట్లాంటి పిల్లకి కాకపోతే ఇంకెవరికిస్తామండీ?"

నూరుల్లా కూతురి వైపు చూశాడు. ఒక్కసారే చూశాడు. ఆ చూపులో నిన్నటి నూరుల్లా లేడు.

ఇప్పుడు అంటాడు. నాకేం కాలేదండీ, రాయిలా ఉన్నాను అంటాడు. అనాలి కూడా.

నూరుల్లా కుడిచేతిలో ఉన్న పొట్లాన్ని నెమ్మదిగా ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. కుడిచెయ్యి పక్కకి జారిపోయింది.

"కాస్త నయమేనండీ," అన్నాడు. "పైకి లేవట్లేదు గానీ, వేళ్ళు కదులుతున్నాయి."

"తగ్గిపోతుందండీ. వైద్యం మానకండి."

"మీ మేలు మర్చిపోలేమండీ. ఇది..." పొట్లం అందించాడు. "ఏమీ అనుకోకుండా తీసుకోండి."

మేడమ్ మొహమాటపడుతూనే కాగితం మడత విప్పింది. నెమళ్ళు బయటపడ్డాయి. "అబ్బ, ఎంత బాగుందండీ! ఎవరి పని ఇది?"

"మా అబ్బాయిదండీ," అన్నాడు నూరుల్లా. "ఇప్పుడు వాడే చేస్తున్నాడు."

మేడమ్ ఆ చున్నీని మళ్ళీ జాగ్రత్తగా మడిచింది. పరీక్షలన్నీ అయ్యాకే తీసుకుంటానని తిరిగి ఆయన ఎడమచేతిలో పెట్టింది. అటెండర్‌ని పిలిచి స్టాఫ్ రూము ముందు ఆయనకి కుర్చీ వేయమని చెప్పి లోపలికెళ్ళింది.

"నాన్నా..."

"గంట కొడతారు. వెళ్ళు."

"నేను మేడమ్‌కి చెప్పేస్తాను నాన్నా. ఇప్పుడే చెప్పేస్తాను."

"చెప్తే రాయనిస్తారా?"

షిరీన్ తల అడ్డంగా ఊపింది.

"అయితే నోరు మూసుకుని వెళ్ళి రాయి." పొట్లం చంకలో ఇరికించుకుని, భుజాన ఉన్న బ్యాగు ఎడమచేత్తోనే తీసి ఆమె ముందుకి చాచాడు. "పడిపోయిందన్నావు కదా. పడిపోయింది. ఇంక దాని సంగతి నీకెందుకు?"

హాల్లో షిరీన్ నంబరు కిటికీ పక్కన పడింది. ప్రశ్నపత్రం ఇచ్చారు. రాత్రంతా కూర్చుని చదివిన దాంట్లోంచి రెండు ప్రశ్నలు కనిపించాయి. ఇంకొకటి అటూ ఇటూ చేస్తే రాయొచ్చు. ఆశ పుట్టింది. పాస్ అవచ్చేమోనన్న ఆశ ఇంత చేదుగా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. మార్జిన్ గీసుకుని మొదటి జవాబు మొదలుపెట్టింది.

నాలుగు లైన్లు రాసి తలెత్తితే కిటికీలోంచి ఎదుటి వరండా కనిపించింది. స్టాఫ్ రూము ముందు కుర్చీలో నాన్న. తెరిచిన తలుపు లోపల బల్ల దగ్గర మేడమ్ ఆయనకి ఎదురుగానే కూర్చుని ఏవో కాగితాలు చూసుకుంటోంది. నాన్న కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. ముఖం మీద ఈగ వాలితే ఎడమచేత్తో తోలుకున్నాడు.

మేడమ్ పంపినట్టుంది, అటెండర్ టీ గ్లాసు తెచ్చి ఇచ్చాడు.

నూరుల్లా ఆ గ్లాసు వైపు కొంచెంసేపు చూశాడు. చిన్నప్పుడు షిరీన్ ఎడమచేత్తో మంచినీళ్ళు తాగబోతే గ్లాసు లాక్కునేవాడు. "ఆ చేత్తో షైతాను తాగుతాడమ్మా" అని కుడిచేతికి మార్పించేవాడు. షోయబ్ ఒకసారి పెళ్ళిలో ఎడమచేత్తో సోడా పట్టుకున్నందుకు నలుగురిలో చివాట్లు పెట్టాడు. జ్వరం వచ్చి చేతులు వణుకుతున్నప్పుడు కూడా ఆయన ఎడమచేత్తో ఒక్క చుక్క తాగడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

మేడమ్ తలెత్తి చూసింది. తాగండి అన్నట్టు నవ్వింది.

నూరుల్లా పెదాలు కదిలాయి. బిస్మిల్లా అనుకున్నాడో, తోబా, క్షమించమని అనుకున్నాడో. ఎడమచేత్తో గ్లాసెత్తి తాగాడు.

షిరీన్ పెన్ను మూత పెట్టింది. ఆన్సర్ షీటు మూసి దాని మీద హాల్ టికెట్ పెట్టి లేచి నిలబడింది. మధ్యలో లేచి వస్తే ముఖం చూడొద్దన్న మాట గుర్తుంది. అయినా కూర్చోలేదు.

హాలంతా తలలెత్తి చూసింది. ఇన్విజిలేటర్ నవ్వుతూ దగ్గరికొచ్చాడు.

"ఏంటమ్మా, అప్పుడే అడిషనల్ షీటా?"

"కాదు సార్," అంది షిరీన్. "సుభాషిణి మేడమ్‌ని ఒక్కసారి పిలిపిస్తారా?"